లైన్ నాలుగులో శుక్రవారం

“పాప బరువు పెరగడం ఆగిపోయింది సార్. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా ఏమీ లేదు. లోపల ఏదో మొదలైంది, మనకే తెలియడంలేదు.”

చెప్పులు విప్పకుండా, భుజాన సంచి దించకుండా, కన్యక ఆ మాట అనేసింది. ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న జనార్దనం గారు గ్రాఫు కాగితం మీద ఆన్చిన పెన్సిలు తియ్యలేదు. పెడుతున్న చుక్కను నిదానంగా గుండ్రంగా పెట్టి, కాగితం మీది పొడి ఊది, అప్పుడు తలెత్తారు.

“నవ్వతా ఉండాదా?”

“నవ్వతా ఉంది.”

“పాలు తాగతా ఉండాదా?”

“తాగతా ఉంది. కానీ ఈ కార్డు చూడండి సార్. పైకి పోవాల్సిన గీత అడ్డంగా పోతా ఉంది.”

“డాక్టరమ్మ ఏమనింది?”

“బాగుంది, వచ్చే నెల తీసుకురా అనింది. ఆమె దగ్గర అంత గుంపు. సరిగ్గా చూసిందో లేదో.”

“చూసే ఉంటాది. ముందు కూర్చో. ఆ సంచి దించు. పాప సంగతేమో గానీ, నీ సంచి మాత్రం దినదినం బరువెక్కతా ఉండాది.”

కన్యకకు నవ్వు రాలేదు. ఆ సంచిలో థర్మామీటరు, రెండు రకాల చుక్కల మందులు, డాక్టరు కార్డు, పాప ఎప్పుడు తాగిందీ ఎప్పుడు పడుకుందీ అత్తగారు రాసిన చీటీలు ఉన్నాయి. పాప ఇంట్లో నానమ్మ దగ్గర ఉంటే, మందులన్నీ తల్లి వెంట బ్యాంకుకు వచ్చేవి. 

అది వాషర్‌మెన్‌పేట్‌లో ఒక చిన్న సహకార బ్యాంకు. బట్టల అంగళ్ల వెనక సందులో, కింద ఇస్త్రీ కొట్టూ పైన బ్యాంకూ ఉన్న పాత మేడ. తొంభై ఆరులో బ్యాంకు తన మొదటి కంప్యూటరు కొన్నది. దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివిన కన్యకను దాని ముందు కూర్చోబెట్టారు. ఊరిలోని అంగళ్లకు తిరిగి, రోజువారీ పొదుపు సొమ్ము వసూలు చేసుకొచ్చే ఏజెంట్లు ఆరుగురు. ఒక్కొక్కరిదీ ఒక లైను. ఆ లైన్లలో ఏ రోజు ఎంత వచ్చిందో కంప్యూటరులోకి ఎక్కించడం కన్యక పని. ఎక్కించినదాంట్లో మోసం ఉందేమో చూడటం జనార్దనం గారి పని.

ఆయన పుట్టింది పెరంబూరు రైల్వే క్వార్టర్సులో. ముత్తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫ్యాక్టరీలో రెండూ కలిపి. లెక్కల్లో డిగ్రీ అవ్వగానే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరి, ఉద్యోగమంతా బోల్టులూ రేకులూ కొలిచి చార్టులు గీస్తూ గడిపారు. మధ్యలో సగటు గీత, పైన ఒక హద్దు, కింద ఒక హద్దు. చుక్కలు ఆ రెండు హద్దుల మధ్య ఊగుతున్నంతసేపూ మిషను తన మానాన తాను నడుస్తున్నట్టు. హద్దు దాటితే ఏదో జరిగినట్టు.

రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకోలేదు. లోకల్ రైలు ఎంత ఆలస్యంగా వస్తోందో చార్టు వేశారు. పాలవాడి కొలతకు చార్టు వేశారు. సాంబారులో ఉప్పుకు కూడా వేయబోతే ఆయన భార్య, “ఇంట్లో ఇంకొక్క చుక్క పెట్టినావంటే నేను మా అక్క ఇంటికి పోతా,” అన్నదట. ఆ తర్వాతి వారమే ఈ బ్యాంకులో చేరారు. సోమ, బుధ, శుక్రవారాలు వచ్చేవారు. గుడ్డ సంచిలో చిత్రాన్నం డబ్బా, స్కేలు, పెన్సిళ్లు.

బ్యాంకుకు ఆయన తెచ్చిన పద్ధతి ఒక్కటే. అందరినీ ఒకే చార్టులో వేయరు. ఒక్కో ఖాతాకు దాని చార్టు దానికే.

“రెండు మిషన్ల బోల్టులు ఒక తొట్టిలో పోసి కొలిస్తే ఏమి తెలస్తాది?” అనేవారు. “ఒకటి లావు చేస్తాది, ఒకటి సన్నం చేస్తాది. రెండూ మంచివే. కలిపి చూస్తే రెండూ చెడ్డవిగా కనిపిస్తాయి.”

కన్యక చేరడానికి ముందే ఆ పద్ధతి ఒకసారి నెగ్గింది. నెలకొకసారి కొంచెం పింఛను తీసుకునే ఒక ముసలమ్మ ఖాతాలో, ఉన్నట్టుండి వేళకాని వేళల్లో సొమ్ము తీయడం మొదలైంది. మొత్తాలు చిన్నవి, సంతకం సరిగ్గానే ఉంది. బ్యాంకు మొత్తం మీద చూస్తే ఎవరి కంటికీ ఆనదు. ఆమె చార్టులో మాత్రం ఆ చుక్కలు హద్దు దాటాయి. జనార్దనం గారు ఎవరితోనూ ఏమీ అనకుండా అరటిపండ్లు కొనుక్కుని ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె మంచం దిగి చాలా కాలమైంది. పింఛను తెచ్చిచ్చే మంచివాడని ఆమె నమ్మిన బ్యాంకు గుమాస్తాయే ఆమె సంతకం నేర్చుకుని పెడుతున్నాడని అక్కడ మాటల్లో తేలింది. ఆ గుమాస్తా ఇప్పుడు లేడు. ముసలమ్మ సొమ్ము ఆమెకు తిరిగొచ్చింది.

కన్యకకు ఈ కథ బాగా నచ్చింది. నచ్చినదాంట్లో చార్టు గుర్తుంచుకుంది, అరటిపండ్లు మరిచిపోయింది.

మర్నాడు గురువారం. జనార్దనం గారు రాని రోజు. పాప గురించిన దిగులు మరవడానికి కన్యక కంప్యూటరులో ఒక కొత్త లెక్క మొదలుపెట్టింది. వారంలో ఏ రోజు ఏ లైనులో ఎంత వస్తోంది? అయిదు లైన్లలో శుక్రవారం సొమ్ము సగానికి సగం పడిపోతోంది. అందులో వింత లేదు. ఆమె పుట్టిందీ మెట్టిందీ వ్యాపారుల ఇళ్లలోనే. శుక్రవారం లక్ష్మిని గడప దాటించరు. ఆ రోజు ఆమె అత్తగారు అలమేలు పక్కింటికి తోడుకు మజ్జిగ చుక్క కూడా ఇవ్వదు. ఇక అంగట్లో గల్లా తెరిచి ఏజెంటుకు ఎవరిస్తారు?

కానీ నాలుగో లైనులో శుక్రవారం సొమ్ము పడిపోలేదు. పెరిగింది. మామూలు రోజు కన్నా చాలా పెరిగింది. ప్రతి వారమూ అంతే.

నాలుగో లైను సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ వీధి. కన్యక భర్త సాయిరామ్ లెక్కలు రాసే మిరియాల అంగడి ఆ వీధిలోనే. ఆ వీధి వ్యాపారులు శుక్రవారం రూపాయి బయటికి తియ్యరని ఆమెకు తెలుసు. మరి ఆ సొమ్ము ఎక్కడిది? కన్యకకు ఒక్కటే తోచింది. శనివారం పొద్దున సెక్రటరీ వారం లెక్క చూస్తాడు. వారమంతా సొమ్ము కొంత వాడుకుని, లెక్కకు ముందురోజు ఎక్కడో తెచ్చి పూడుస్తున్నారు. ఇది ఊరికే ఇలా జరిగే అవకాశం ఎంతో లెక్క కట్టింది. లక్షలో ఒకటి కూడా రాలేదు. 

నాలుగో లైను ఏజెంటు ఆరోగ్యమేరి.

సెక్రటరీ నాగప్పన్ మాట వింటూనే కుర్చీలోంచి లేచాడు. పక్క పేటలో ఇలాంటి చిన్న బ్యాంకు ఒకటి ఏజెంటు చేతివాటంతో మూతపడి ఎంతో కాలం కాలేదు. అప్పట్నుంచీ ఆయనకు సరిగా నిద్ర లేదు.

“ఏజెంట్లలో ఎవరో ఒకరు చేస్తా ఉంటారని నేను అనుకుంటానే ఉండా. కంప్యూటరే చెప్పిందా?”

“చెప్పింది సార్.”

“సరి. శనివారం డైరెక్టర్లు వస్తారు. అందరి ముందరే ఆమె సంచీ, రసీదు పుస్తకం వాంగేస్తాను. ఆ తర్వాత మెల్లగా విచారణ. అందాకా మూచ్, ఎవరికీ చెప్పొద్దు.”

అలా సంచి లాగేసుకున్నాక ఆ ఏజెంటు చేతికి ఆ పేటలో ఇంకెవరూ పైసా ఇవ్వరు. విచారణలో ఏమీ తేలకపోయినా ఇవ్వరు. ఆ సంగతి గది బయటికి వచ్చాక గానీ కన్యకకు తట్టలేదు.

సాయంత్రం ఆరోగ్యమేరి వచ్చింది. నలభై దాటిన మనిషి, చంకలో గొడుగు, నడుముకు కట్టిన సంచి, ముఖమంతా చెమట. రాయపురం నుంచి నడిచొస్తుంది, నడుస్తూ లైనులో నేర్చిన తెలుగు మాట్లాడుతుంది.

“ఏమ్మా కంప్యూటరమ్మా, ముఖం అట్ట వాడిపోయింది ఏమి? పాపకు బాగాలేదా?”

“బాగుంది అక్కా.”

“మరి నీకు బాగాలేదు. ఇదో, పట్టు.” తడి ఆకులో చుట్టిన మల్లెపూలు బల్ల మీద పెట్టింది. “నాకు ఊరికే ఇచ్చినారు. నేను పూలు పెట్టుకునేదెప్పుడు, ఎండలో నా తలే వాడిపోతా ఉంటే.”

ఆ పూలు తలలో పెట్టుకోలేక, పారేయలేక, కన్యక వాటిని ఇంటికి పట్టుకెళ్లి దేవుడి పటానికి పెట్టింది.

శుక్రవారం జనార్దనం గారు మెట్లెక్కుతుండగానే ఎదురెళ్లి అంతా చెప్పేసింది. లెక్క చూపించింది. ఆయన చాలాసేపు చూశారు.

“లెక్క బాగా వేసినావు. తప్పు లేదు.”

“అయితే నిజమేనా సార్?”

“లక్షలో ఒకటి అంటివే. ఎవరితో పోలిస్తే?”

“మిగతా అయిదు లైన్లతో.”

“ఆ అయిదు లైన్లలో కట్టేది ఎవరు?”

“అంగళ్లవాళ్లు.”

“నాలుగులో?”

“వాళ్లూ అంగళ్లవాళ్లే కదా సార్. ఆ వీధి నాకు బాగా తెలుసు.”

“ఎప్పుడైనా మేరితో పోయినావా ఆడికి?”

కన్యక అడ్డంగా తలూపింది. ఆమెకు వచ్చేవి ఖాతా నంబర్లు, పక్కన మొత్తాలు. పేరు కూడా ఉండదు.

“నాకూ తెలీదులే,” అన్నారు ఆయన. “ఆ లైను నేనూ చూళ్లేదు. ఈ పొద్దు శుక్రవారమే కదా. సాయంత్రం చెప్పులేసుకో.”

నాలుగింటికి ఇద్దరూ ఆటో దిగి ఆ వీధిలో నడిచారు. బండ్లు, మూటలు, ఘాటైన మిరియాల వాసన. సాయిరామ్ పనిచేసే అంగడి ముందర వేరే బ్యాంకు ఏజెంటు ఒకడు నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి యజమాని గొంతు కోపంగా వచ్చింది. “శుక్రవారం పూట వచ్చి డబ్బులు అడిగేదానికి నీకు బుద్ధి లేదా? రేపు రాబ్బా!”

“చూసినారా సార్?” అంది కన్యక మెల్లగా.

“చూస్తా ఉండా. నువ్వు పైన చూస్తా ఉండావు. కొంచెం కిందికి చూడు.”

అంగళ్ల మెట్ల కింద, మురుగుకాలువ బండల మీద, వరసగా పూల గంపలు. మల్లెలు, కనకాంబరాలు, మరువం, తమలపాకులు, అరటిపిలకలు. గంప వెనక గంప, ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య పీట మీద ఆరోగ్యమేరి, మోకాలి మీద రసీదు పుస్తకం. ఆమె చుట్టూ చేతులు చాచి చిల్లర ఇస్తున్నవాళ్లు.

“అయ్యో, ఇదేమి, ఆఫీసే దిగి వచ్చేసింది!” అని ఆమె లేవబోయింది.

“కూర్చో మేరీ, నీ పని చూసుకో. మా కంప్యూటరమ్మకు పూలు కావాలంట,” అన్నారు జనార్దనం గారు, కన్యకను చూపించి.

మొదటి గంప వెనక కూర్చున్న పూలామె రాసాత్తి మూర కొలవడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి పొట్టి. జనార్దనం గారు ఆ చేతి వైపే చూశారు.

“ఏం సామీ, నా చెయ్యి కొలస్తా ఉండావా?”

“లేదమ్మా. రోజూ ఇంతే అమ్ముతావా అని చూస్తా ఉండా.”

“రోజూనా! రోజూ అమ్మితే నేనెందుకు మురుగుకాలువ మీద కూర్చుంటాను, పైన ఆ గద్దె మీద కూర్చుంటా.” పక్కవాళ్లు నవ్వారు. “వెల్లికిళమ ఒక్కటే మాకు పండగ సామీ. శుక్రవారం నాడు ఈ వీధి సేట్ల ఇండ్లకి, నాయుళ్ల ఇండ్లకి, కోమట్ల ఇండ్లకి పూలు పోకుండా ఉంటాయా? దేవుడికి, పటాలకి, గడపకి, గల్లాపెట్టెకి, కోడలి తలకి. ఆ పొద్దు వచ్చిందే మేరక్క చేతిలో పెట్టేది. మిగతా దినాలు ఏదో, పదీ అయిదూ.”

“అంగళ్లవాళ్లు కట్టరా మేరీ?” అన్నారు జనార్దనం గారు.

“వాళ్లా? ఎప్పుడో పెద్ద బ్యాంకులకు పోయినారు సార్. ఈ వీధి నాకిచ్చినప్పుడు పైన తిరిగి తిరిగి కాళ్లు అరిగినాయి. ఇంక కిందకి దిగినాను. ఈళ్లు నన్ను ఒక దినం కూడా రేపు రా అనలేదు.”

కన్యక చేతిలో మూర పూలు ఉన్నాయి. పొద్దున అత్తగారు ఆమెకు చిల్లర ఇచ్చి మరీ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. “ఈ పొద్దు శుక్రవారం, ఎవరికీ డబ్బులు ఈబాకు. వచ్చేటప్పుడు పూలు మాత్రం మరవబాకు.” పుట్టినప్పట్నుంచీ ఆ రెండు మాటలూ కలిపే విన్నది. లెక్కలో ఒకటే వేసింది. అయిదు లైన్లలో శుక్రవారం ఎందుకు పడిపోతోందో, నాలుగో లైనులో అందుకే లేస్తోంది. బల్ల మీద పెట్టిన మల్లెపూల పొట్లం గుర్తొచ్చి ఆమెకు కళ్లు నిండాయి.

“ఏమ్మా, పూలు కొని ఏడ్చేవాళ్లని నిన్నే చూస్తా ఉండా,” అంది రాసాత్తి. “మూర తక్కువయిందా? ఇదో, పట్టు, ఇంకొక జాన.”

తిరిగి వచ్చేటప్పుడు కన్యక అడిగింది. “నాగప్పన్ సారుకు మీరు చెప్తారా?”

“నేనెందుకు? నువ్వు చెప్పినదాన్ని నువ్వే వెనక్కి తీసుకోవాల. నేను పక్కన నిలబడతాలే.”

నాగప్పన్‌కు కోపం వచ్చింది. “కంప్యూటరే చెప్పిందంటివే?”

“కంప్యూటరు శుక్రవారం సొమ్ము ఎక్కువని మాత్రమే చెప్పింది సార్. ఆరోగ్యమేరి తీసిందని చెప్పింది నేను. ఆమె దగ్గర కట్టేవాళ్లు పూలమ్మేవాళ్లు. వాళ్ల పొదుపు కార్డులన్నీ రసీదు పుస్తకంతో అక్కడే సరిచూసి వచ్చినాము. ఒక్క రూపాయి తేడా లేదు.”

“అప్పుడు దొంగ ఎవరు?”

“ఎవరూ లేరు సార్.”

“ఎవరూ లేకుంటే రేపు డైరెక్టర్లకు నేనేమి చెప్పేది?”

“ఎవరూ లేరనే చెప్పు,” అన్నారు జనార్దనం గారు. “చెప్పి, మంచి కాఫీ పోయించు. అంత మంచి సంగతి ఎన్నిసార్లు చెప్పే యోగం వస్తాది?”

నాగప్పన్ కాసేపు గునిసి, చివరికి నవ్వాడు. శనివారం డైరెక్టర్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆరోగ్యమేరి ఎప్పటిలాగే గొడుగు చంకన పెట్టుకుని లైనుకు పోయింది. తన మీద అనుమానం వచ్చిందని గానీ పోయిందని గానీ ఆమెకు తెలియదు. కన్యక కంప్యూటరులో నాలుగో లైనును మిగతా అయిదింటి నుంచి విడదీసి, దానికి దాని సగటు, దాని హద్దులు వేసింది. ఆ చార్టులో శుక్రవారాలన్నీ హాయిగా గీతల మధ్యే కూర్చున్నాయి.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చి, సంచి మేకుకు తగిలించి, మొదటిసారి అందులోంచి ఏమీ తియ్యలేదు. చాప మీద పడుకున్న పాప పక్కన ఊరికే కూర్చుంది. పాప శ్రుతి, తల్లిని చూసి నవ్వింది. తర్వాత బోర్లా పడి, మోకాళ్లు ముడిచి, గది అవతల ఉన్న రాగి చెంబు కోసం బయల్దేరింది. చెంబు అందుకుని, దాన్ని వదిలేసి, తలుపు వైపు తిరిగింది. అక్కడి నుంచి వంటింటికి.

“ఎప్పుడు నేర్చింది అత్తా?”

“నెల కావస్తా ఉంది,” అంది అలమేలు లోపల్నుంచి. “ఇల్లంతా ఊడస్తా ఉంది నీ కూతురు. తిన్నది తిన్నట్టు అరిగిపోతా ఉంది. నువ్వొచ్చేసరికి అలిసి నిద్రపోతాది. లేపి తూకం వేస్తావే గానీ, నువ్వెప్పుడు చూసినావు?”

సోమవారం ఆ సంగతి చెబితే జనార్దనం గారు బరువు కార్డు అడిగి తీసుకున్నారు. అచ్చువేసిన గీతలు వదిలేసి, పాప చుక్కలనే పెన్సిలుతో కలిపారు. ముందు నిటారుగా లేచి, పాకడం వచ్చిన నెలలో అడ్డం తిరిగిన చిన్న గీత. దాని కింద తారీఖు వేసి, పక్కన ‘పాకింది’ అని రాసి తిరిగిచ్చారు.

జనార్దనం గారు ఆ తర్వాత రెండేళ్లకు కంటి చూపు తగ్గి బ్యాంకు మానేశారు. ఆయన బల్ల, స్కేలు ఇప్పుడు కన్యకవి. శ్రుతికి జ్వరం వచ్చినా, బడిలో మార్కులు తగ్గినా, ఏదో ఖాతాలో చుక్క హద్దు దాటినా కన్యక గుండె ఇప్పటికీ దడదడమంటుంది. అది పోలేదు. కానీ ఎవరికైనా ఫోను చేసే ముందు, ఎవరి పేరైనా పలికే ముందు, ఆ సోమవారం కార్డు చేతికిస్తూ ఆయన అన్నట్టే చేస్తుంది.

“చుక్క బయట పడినాది అంటే, మొదట ఎవరికీ చెప్పబాకమ్మా. లేచి పోయి, వాళ్ల పక్కన కొంచేపు కూర్చో.”